క్లెయిము ఫారములో ఒక గడి

బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి చావు ఎక్కువగా కాగితాల రూపంలోనే ఎదురవుతుంది. ముందు మరణ ధ్రువపత్రం, దాని వెనక నామినీ సంతకం, ఆ తర్వాతే ఏడ్చి ఉబ్బిన ముఖం. ప్రమాదంలో పోయినవారివైతే కాగితాలు ఇంకా పెరుగుతాయి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, లాబరేటరీ రిపోర్టు, ఇలా ఒక కట్ట తయారవుతుంది. ఆ కట్ట పైనుండే క్లెయిము ఫారములో ఒక చిన్న గడి ఉంటుంది. చనిపోయిన మనిషి ఆ సమయంలో మద్యంగాని, మాదక ద్రవ్యంగాని తీసుకొని ఉన్నాడా అని అందులో అడుగుతారు. అగ్గిపెట్టెంత లేని ఆ గడిలో ఎన్ని సంసారాలు ఇరుక్కుపోయాయో నేను చూశాను.

నేను కొత్తగా ఆఫీసరునైన రోజుల్లో సేలం దగ్గర ఒక బ్రాంచీలో ఉండగా ఒక లారీ డ్రైవరు భార్య వచ్చింది. భర్త పేరిట ప్రమాద బీమా ఉంది. ఫారము నేనే నింపిపెట్టాను. ఆరేడు నెలలకు కంపెనీ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. రక్తంలో ఆల్కహాలు ఉన్నందున క్లెయిము చెల్లదన్నారు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో మామూలుగా ఉండే షరతే అది. ఆమెకు అరవంలో చదివి వినిపించాను. కాసేపు ఊరుకొని, "అమ్మేది గవర్నమెంటే గదా సార్, తాగితే డబ్బు లేదనడం ఏమిటి?" అంది. తమిళనాడులో 2003 నుంచి చిల్లర అమ్మకాలన్నీ ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉన్నాయి. ఆమె ప్రశ్నకు బి.కాం.లో నేను చదివిన బీమా సూత్రాలేవీ పనికిరాలేదు.

మా సేలం వాళ్లకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1937లో రాజాజీ మద్రాసు రాజధానికి ప్రధానిగా ఉన్నప్పుడు మద్యనిషేధాన్ని మొట్టమొదట మా జిల్లాలోనే పెట్టారు. తాతయ్య మగ్గం మీద ఉన్నంతసేపూ ఆ కబుర్లే చెప్పేవాడు. కూలి డబ్బు శనివారం రాత్రి ఇంటికి చేరడం అప్పుడే చూశామనేవాడు. 1971లో నిషేధం సడలింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఆంధ్రలోనూ ఇదే కథ. 1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట రోశమ్మవంటి ఆడవాళ్లు సారా పాటలను అడ్డుకున్నారు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్నవాళ్లే ఆ పనికి దిగారంటే చదువు విలువ తెలుస్తుంది. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో రామారావుగారు సంపూర్ణ నిషేధం పెట్టారు. 1997లో అదీ పోయింది. చట్టంతో ఏమీ కాదని అనను, చట్టంతోనే అయిపోతుందనీ అనలేను. నిషేధం ఉన్నా లేకపోయినా దొంగసారా తన పని తాను చేసుకుపోతూనే ఉంది. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాలు కలిసిన సారా తాగి అరవై మందికి పైగా పోయారు. కళ్లకురిచ్చి మాకు ఎంతో దూరం కాదు.

ఇదంతా పక్క ఇంటి సంగతిలా చెప్పుకొస్తున్నాను గాని, ఆ గడి మా ఇంటికీ వచ్చింది.

2009లో నాకు ప్రమోషను వచ్చింది. బంధువులు, స్నేహితులు పట్టుబట్టారు. మిద్దె మీద షామియానా వేయించి పార్టీ ఇచ్చాను. ఆడవాళ్లకు కింద బిరియాని, ఐస్‌క్రీము. మగవాళ్లకు పైన, మీకు చెప్పనక్కరలేదు. సీసాలు నా డబ్బుతోనే కొన్నాను, ఐసు నేనే తెప్పించాను. మా బావకు మొదటి గ్లాసు నా చేత్తోనే అందించాను. బావ తాగుబోతు కాదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు, ఇలాంటి సందర్భాల్లో మాత్రమే. పదిన్నరకు మెట్లు దిగేటప్పుడు కూడా అడుగు తడబడలేదు. అక్కయ్య, పిల్లలు ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంటామన్నారు. బావకు మర్నాడు పొద్దున డ్యూటీ. "ఓమలూరు ఎంత దూరం బావమరిదీ!" అని మోటారు సైకిలు తీశాడు. జాగ్రత్త బావా అన్నాను, అంతే.

మద్యం ముందు కాళ్ల మీద పనిచేయదు. ముందు పోయేది బేరీజు వేసుకునే శక్తి. తనకు బాగానే ఉందని చెప్పవలసిన మెదడే ముందుగా మత్తులో పడుతుంది గనుక, "నాకేం కాలేదు" అన్న మాటను అప్పుడు నమ్మడానికి లేదు. ఇది నేను తర్వాత తెలుసుకున్నాను. మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల వరకే ఒప్పుకుంటుంది. మా బావ రిపోర్టులో ఉన్న అంకె అంతకు అయిదు రెట్లు.

రెండో షిఫ్టు ముగించి సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మగ్గం కార్మికుణ్ణి బావ గుద్దాడు. ఆయన అక్కడికక్కడే పోయాడు. బావ మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

బావ ఫ్యాక్టరీలో గ్రూపు ప్రమాద బీమా ఉండేది. ఫారము నింపడానికి నాకంటే తగినవాడు ఎవడున్నాడు? అందరికీ నింపిపెట్టేవాణ్ణి నేనే గదా. ఆ గడి దగ్గర కలం ఆగింది. "తెలియదు" అని రాశాను. నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ తెలిసి అబద్ధం రాయలేదని ప్రమాణం చేసి చెప్పగలను. అది నిలిచిందా అంటే నిలవలేదు. రక్తం తీసి, సోడియం ఫ్లోరైడు వేసి లాబరేటరీకి పంపుతారు. అది వేయకపోతే నిలవున్న రక్తం పులిసి దానంతట అదే కొంత ఆల్కహాలు పుట్టించవచ్చునట. అంత జాగ్రత్త ఉన్నచోట నా "తెలియదు" ఎంతసేపు నిలుస్తుంది? ఈసారి ఆ రెండు వాక్యాల ఉత్తరాన్ని నేను అక్కయ్యకు తెలుగులో చెప్పవలసి వచ్చింది.

అక్కయ్య అంతా విని, "నీకు తెలుసు గదా తమ్ముడూ" అంది. గడి గురించి అన్నదో, గ్లాసు గురించి అన్నదో నేను అడగలేదు.

కోర్టులో ఆ కార్మికుని భార్య వేసిన పరిహారం కేసు నాలుగేళ్లు నడిచింది. వాహన బీమా కంపెనీ ముందు ఆమెకు చెల్లించాలి, తర్వాత దాన్ని వాహనం యజమాని ఆస్తిలోనుంచి రాబట్టుకోవచ్చు అని తీర్పు వచ్చింది. యజమాని మా బావ. ఆయన వదిలిపోయింది రెండు గదుల ఇల్లు. అక్కయ్య గాజులు అమ్మింది, మిగతాది నేను పి.ఎఫ్.లో అప్పు తీసి కట్టాను. వాయిదాలకు వెళ్లినప్పుడు ఇద్దరు ఆడవాళ్లూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చునేవారు. మొదట మాటలు లేవు. మూడో వాయిదాకో నాలుగో వాయిదాకో ఆమె పిల్లవాడి స్కూలు సంగతి అక్కయ్య అడగడం విన్నాను. నేను చెట్టు కింద నిలబడి ఉన్నాను. వాళ్ల దగ్గరికి వెళ్లే ముఖం నాకు లేకపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక చదివాను. లెక్కలు చూడడం అలవాటు గదా. 2019లో ప్రపంచం మొత్తం మీద మద్యం వల్ల 26 లక్షల మంది పోయారు. వారిలో 7,24,000 మంది ప్రమాదాలు, ఆత్మహత్యలు, కొట్లాటలు మొదలైన వాటిలో పోయినవారు. మద్యం కారణమైన రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 2,98,000. అందులో 1,56,000 మంది ఇతరులు తాగడం వల్ల పోయినవారు. ఆ చివరి అంకె దగ్గర నాకు సైకిలు తోసుకుంటూ వెళ్లే మనిషి కనిపిస్తాడు.

మన దేశపు లెక్కలు ఇంకోలా ఉంటాయి. 2022లో రోడ్ల మీద 1,68,491 మంది పోతే, తాగి నడపడం ఖాతాలో పడినవి రెండున్నర శాతం దగ్గర. డెబ్భై శాతం అతివేగం ఖాతాలో పడ్డాయి. ఆ వేగం ఎక్కడినుంచి వచ్చిందో అడిగే గడి ఆ పట్టికలో లేదేమో. గంజాయి సంగతి మరీ కష్టం. పోలీసులు నోటి దగ్గర పెట్టే యంత్రానికి అది దొరకదు.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదంది. ఆ కేసుల్లో మా తమిళనాడు నుంచి వెళ్లినదీ ఒకటి. కేరళలో ఒక బారువారు నడక దూరం పెంచడానికి ముందు వంకరటింకర గోడలు కట్టించారు. నవ్వు వచ్చినా నవ్వలేకపోయాను. 2025 అక్టోబరు 24న హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే బస్సు కర్నూలు దగ్గర తగలబడి ఇరవై దాకా ప్రాణాలు పోయాయి. ముందే పడిపోయి ఉన్న మోటారు సైకిలు మీదికి బస్సు ఎక్కడంతో మంట పుట్టింది. దాన్ని నడిపిన కుర్రవాడు తాగి ఉన్నాడని లాబరేటరీ తేల్చింది. మన కుటుంబాల పిల్లలు వారం వారం ఎక్కే బస్సులే అవి. ఆ వార్త చదివిన రోజు అక్కయ్య నాకు ఫోను చేసింది. ఏమీ మాట్లాడలేదు. తిన్నావా అని అడిగి పెట్టేసింది.

మొన్న మా అమ్మాయి నిశ్చితార్థానికి రాత్రి విందు పెట్టాము. మగపెళ్లివారు కొంచెం సరదా మనుషులు. మందు వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఈ వయస్సులో కూడా. అక్కయ్య ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని, తాంబూలం పళ్లెం ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మిద్దె ఎక్కేవాళ్ల దగ్గర బండి తాళం అడిగి పళ్లెంలో వేయించుకుంది. ఒకరిద్దరు గొణిగారు, ఒక పెద్దాయన నవ్వి తప్పించుకోబోయాడు. "పడకలు వేయించాను అన్నయ్యగారూ" అంది, చెయ్యి వెనక్కు తీసుకోకుండా. పదకొండు తాళాలు వచ్చాయి. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో పాటు ఎవరి తాళం వారికి ఇచ్చింది. ఆ పెద్దాయనది మాత్రం మధ్యాహ్నం భోజనాల దాకా కొంగున ముడివేసుకొనే తిరిగింది. ఆయన కళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయని చెప్పింది.