కరయా రోడ్డులో ఒక స్కాట్లాండు

కోల్‌కతాకు నేను వెళ్ళినది ఒక తెలుగు ఋణం తీర్చుకోవడానికి. మన గ్రామాల కైఫీయతులను, శాసనాలను, స్థలపురాణాలను ప్రోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకెంజీ సమాధి ఆ నగరంలోనే, సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉన్నది. స్కాట్లాండుకు వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ ద్వీపంలో పుట్టి, 1783లో మద్రాసు చేరి, 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయిన మెకెంజీ 1821 మే నెలలో కలకత్తాలో కాలధర్మం చెందాడు. పుట్టిన ద్వీపాన్ని మళ్ళీ చూడలేదు.

ఆ సమాధిని దర్శించుకొని బయటికి వస్తూ ఉండగా, స్కాట్లాండువారికి ఈ నగరంలో ప్రత్యేకంగా మరొక శ్మశానవాటిక ఉన్నదని ఒక స్థానిక మిత్రుడు చెప్పాడు. అది కరయా రోడ్డులో ఉన్నది. ఎంతో దూరం లేదు. మరునాటి ఉదయం అక్కడికి బయలుదేరాను.

ట్రాముల గంటలు, బిరియానీ దుకాణాల పొగ, రిక్షాల రద్దీ దాటి ఒక పాత గోడలోని ఇనుప గేటు లోపల అడుగు పెడితే, వినబడేది కాకుల అరుపు మాత్రమే. ఆరు ఎకరాల స్థలం, 1,600 పైచిలుకు సమాధులు. రాత్రి కురిసిన వానకు తడిసిన గోరీల మీద పచ్చని నాచు. కొన్ని స్తంభాలు నిలిచి ఉన్నాయి. కొన్ని ఒరిగి ఉన్నాయి. కొన్నిటిని మర్రి వేళ్ళు కౌగిలించుకొని మెల్లగా చీలుస్తున్నాయి. రాళ్ళ మీద డండీ, పెయిస్లీ వంటి ఊళ్ళ పేర్లు. ఒక ముక్క స్కాట్లాండును ఎవరో ఎత్తి తెచ్చి, బెంగాలు ఆకాశం క్రింద దించి వెళ్ళినట్లున్నది.

అక్కడే ఆమె కనిపించారు. వయస్సు అరవై దాటి ఉంటుంది. ఒక చేతిలో గొడుగు, మరొక చేతిలో ప్లాస్టిక్ సంచిలో భద్రపరచిన కాగితాలు. వంగి ఒక్కొక్క రాతినీ తడిగుడ్డతో తుడిచి చదువుతున్నారు. కాపలాదారు ఆమె వెనుకనే చీపురుతో నడుస్తున్నాడు.

“ఆస్ట్రేలియా నుండి వచ్చాను. పెర్త్ మా ఊరు,” అన్నారు. “కాని మా నాన్న పుట్టినది ఇక్కడ. ఆయన తాతగారి తండ్రి ఈ రాళ్ళలో ఎక్కడో ఉన్నాడు.”

ఒక కుటుంబం స్కాట్లాండులో మొదలై, కలకత్తాలో మూడు నాలుగు తరాలు గడిపి, ఆస్ట్రేలియా చేరడమేమిటని మొదట ఆశ్చర్యపోయాను. ఆలోచించిన కొద్దీ, అంతకంటె సహజమైన దారి మరొకటి లేదని తోచింది.

నది ఒడ్డున ఇద్దరు పరదేశులు

ఈస్టిండియా కంపెనీ కాలం నుండి కలకత్తాలో స్కాట్లాండువారు సైనికులుగా, వైద్యులుగా, వర్తకులుగా స్థిరపడ్డారు. ఇంగ్లీషువారి ఆంగ్లికన్ చర్చి వేరు, వారి ప్రెస్బిటేరియన్ చర్చి వేరు. అందువల్ల 1818లో రైటర్స్ బిల్డింగ్ ప్రక్కన తమకని సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టుకున్నారు. దాని గోపురం తమ చర్చి గోపురం కంటె ఎత్తుగా ఉండరాదని ఆంగ్లికన్ బిషప్ పట్టుబట్టాడనీ, అందుకు స్కాట్లాండువారి మతగురువు జేమ్స్ బ్రైస్ గోపుర శిఖరాన ఒక కోడిపుంజును నిలిపి, అది బిషప్ మీద కూత వేస్తుందని చెప్పాడనీ నగరంలో ఒక కథ. కోడి ఇప్పటికీ శిఖరం మీదనే ఉన్నది. చర్చి తెరచిన రెండేళ్ళకు, అంటే 1820లో, ఈ శ్మశానవాటిక ఏర్పడింది. బ్రతికినప్పుడు వేరుగా ప్రార్థించినవారు చనిపోయిన తరువాత కూడా వేరుగానే పరుండదలచారు.

తరువాత వచ్చినది జనుము. స్కాట్లాండులోని డండీ పట్టణంలో తిమింగలాల నూనెతో జనుపనారను మెత్తబరచి నేసే విద్య పెరిగింది. నార మాత్రం బెంగాలు నుండి పోవలసి వచ్చేది. నార పండే చోటనే మిల్లు పెడితే లాభమని గ్రహించి, 1855లో హుగ్లీ నది ఒడ్డున రిష్రాలో మొదటి మిల్లు స్థాపించారు. ఆ తరువాత నదికి ఇరువైపులా పొగగొట్టాలు లేచాయి. యంత్రాలతోపాటు మేనేజర్లు, ఇంజనీర్లు, మేస్త్రీలు డండీ నుండి వచ్చారు. కూలీలు ఎక్కడెక్కడి నుండో వచ్చారు. వారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు తక్కువేమీ కాదు. టీటాగఢ్ మిల్లు లైన్లలో తెలుగు మాటలు తరతరాలు వినిపించాయి. ఒకే పెంకుటింటి మిల్లులో ఒక చివర డండీ మేస్త్రీ, మరొక చివర శ్రీకాకుళపు కూలీ. ఇద్దరూ పొట్ట చేతబట్టుకొని వచ్చిన పరదేశులే. ఒకరికి రాతి సమాధి దక్కింది. రెండవవారికి నది దక్కింది.

కలకత్తా నుండి ఆస్ట్రేలియాకు దారి వేసినవారు కూడా స్కాట్లాండువారే. 1796 చివరలో ఇక్కడి క్యాంప్‌బెల్ అండ్ క్లార్క్ కంపెనీ ‘సిడ్నీ కోవ్’ అనే ఓడ నిండా సారాయి, ఇతర సరుకులు నింపి, అప్పటికి పదేళ్ళు కూడా నిండని సిడ్నీ వలసకు పంపింది. ఓడ మరుసటి ఏడు టాస్మేనియాకు ఉత్తరాన ఒక దీవి వద్ద ఒడ్డుకెక్కి విరిగిపోయింది. సహాయం తెచ్చేందుకు పడవలో బయలుదేరిన 17 మంది మరల ప్రమాదానికి లోనై, వందల కిలోమీటర్లు సముద్రతీరం వెంట నడిచారు. అనేకచోట్ల అక్కడి ఆదివాసులు వారికి చేపలు పెట్టి, నదులు దాటించారు. సిడ్నీ చేరినవారు ముగ్గురు. వారిలో ఒకడు భారతీయ లస్కరు. ఆ కాలినడకలోనే సిడ్నీకి దక్షిణాన బొగ్గు గనుల జాడ బయటపడింది.

ఆ నష్టాన్ని చక్కదిద్దడానికి 1798లో కలకత్తా నుండి సిడ్నీకి వెళ్ళిన యువకుడు రాబర్ట్ క్యాంప్‌బెల్. స్కాట్లాండులోని గ్రీనాక్ అతని జన్మస్థలం. రెండేళ్ళకు అక్కడే స్థిరపడి రేవు కట్టాడు, గిడ్డంగులు కట్టాడు. ప్రభుత్వం కొరకు వెళ్ళి మునిగిన అతని ఓడకు పరిహారంగా లభించిన భూమిలో డంట్రూన్ అనే గొర్రెల క్షేత్రం వెలసింది. ఆ పరిసరాలలోనే ఆ తరువాత దేశ రాజధాని కాన్‌బెరా ఏర్పడింది.

కనబడే తాత, కనబడని అవ్వ

మధ్యాహ్నం ఎండ ముదిరింది. ఒక చెట్టు నీడన కూర్చుని ఆమె తన కాగితాలు విప్పారు. పంతొమ్మిదవ శతాబ్దపు జ్ఞానస్నానపు నమోదు నకలు. తండ్రి గడిలో ఇంటిపేరు, ఒంటిపేరు, ఉద్యోగం. తల్లి గడిలో మతం పుచ్చుకున్నప్పుడు పెట్టిన ఒక్క పేరు మాత్రమే. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, తండ్రి పేరు లేదు.

“ఈమె భారతీయురాలు,” అన్నారామె. “మా నాన్న బ్రతికి ఉన్నంతకాలం ఈమె సంగతి ఎత్తలేదు. మేము స్కాట్లాండువాళ్ళమనే చెప్పాడు. ఆయన పోయిన తరువాత నేను డి.ఎన్.ఎ. పరీక్ష చేయించుకున్నాను. అప్పుడు తెలిసింది.”

తండ్రి ఎందుకు దాచాడో నాకు అర్థమైంది. రైల్వేలలో, తంతి తపాలాలో, కస్టమ్స్‌లో పనిచేసిన ఆంగ్లో ఇండియన్లు స్వాతంత్ర్యం వచ్చేనాటికి తమ భవిష్యత్తును గూర్చి దిగులుపడ్డారు. మన గుంతకల్లు, బిట్రగుంట రైల్వే కాలనీలలో వారిని ఎరిగినవారు ఇప్పటికీ ఉన్నారు. చాలామంది ఆస్ట్రేలియా వైపు చూశారు. 1947 ఆగస్టులో ‘మనూరా’ అనే నౌక బొంబాయి నుండి సుమారు 700 మందిని పెర్త్ ప్రక్కనున్న ఫ్రీమాంటిల్ రేవులో దించింది. కాని ఆనాటి ఆస్ట్రేలియా తెల్లవారికే తలుపు తెరిచే దేశం. మిశ్రమ సంతతివారు తమ రక్తంలో యూరపు పాలు అధికమని నిరూపించుకోవాలి. చూపులకు కూడా అలాగే కనబడాలి. జాతిని బట్టి వలసదారులను ఎంపికచేసే ఆ విధానం పూర్తిగా తొలగినది 1973లో.

ఆ రోజులలో స్కాట్లాండు తాత పేరున్న ఒక చర్చి కాగితం, ఒక సమాధి శాసనం ఓడ టిక్కెట్టుతో సమానం. భారతీయ అవ్వ పేరు ఆ టిక్కెట్టును చింపివేయగలదు. అందుచేత ఇంట తాత పటం గోడకెక్కింది. అవ్వ పటం పెట్టె అడుగుకు చేరింది.

ఈ దాపరికం ఎంత దూరం పోగలదో చెప్పడానికి హాలీవుడ్ నటి మెర్ల్ ఒబెరాన్ చాలును. 1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన ఆమె, తాను ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టానని లోకాన్ని నమ్మించింది. 1978లో టాస్మేనియా రాజధాని హోబర్ట్ ఆమెను తన బిడ్డగా ఆహ్వానించి గౌరవించింది. మరుసటి సంవత్సరం ఆమె మరణించింది. జీవితకాలమంతా ఆ కథను మోసింది.

చట్టం కూడా ఆ అవ్వను చూడలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టమూ, తరువాత మన రాజ్యాంగంలోని 366వ అధికరణమూ ఆంగ్లో ఇండియన్ ఎవరో నిర్వచించాయి: తండ్రి గాని, తండ్రి వైపు పూర్వపురుషుడు గాని యూరపు సంతతివాడై ఉండాలి. తల్లి వైపు ప్రసక్తి లేదు.

“మా నాన్నకు ఆయన కావలసి వచ్చాడు,” అన్నారామె కాగితాలు మడుస్తూ. “నాకు ఈమె కావాలి.”

కాగితాలు చెప్పేది, చెప్పనిది

వంశం వెదుకువారికి కలకత్తా ఒక విధంగా దయగల నగరమే. ఇక్కడి చర్చీలలో జరిగిన జ్ఞానస్నానాల, వివాహాల, ఖననాల నకళ్ళను కంపెనీ ఏటేటా లండనుకు తెప్పించుకునేది. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. చాలా భాగం అంతర్జాలంలో చూడవచ్చు. 1976లో ఏర్పడిన ఒక బ్రిటిష్ సంఘం దక్షిణాసియాలోని పాత శ్మశానాల శాసనాలను వ్రాసి ఉంచుతున్నది. ఇరవయ్యో శతాబ్దం నడుమ నుండి అడవిలా మారిన ఈ కరయా రోడ్డు వాటికను శుభ్రపరచే పని కూడా 2008లో స్కాట్లాండు, కోల్‌కతాల మిత్రులు కలిసి ప్రారంభించారు.

స్కాట్లాండువారి ఒక ఆచారం కూడా వెదుకువారికి తోడ్పడుతుంది. పెద్ద కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండవ కొడుకుకు తల్లి తండ్రి పేరు పెట్టడం వారిలో పాత వాడుక. ఆమె ఈ సంగతి చెప్పగా నేను నవ్వాను. తాత పేరు మనవడికి పెట్టే దేశం నుండి వచ్చినవాడిని గదా!

సాయంకాలం నాలుగు గంటల వేళ కాపలాదారు కేక వేశాడు. పడమటి గోడ దగ్గర, తీగలు తొలగించిన ఒక రాయి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో అక్షరాలను ఒక్కొక్కటే పైకి తెచ్చారు. కాగితం మీది ఇంటిపేరే. డండీ వాస్తవ్యుడు. ముప్పయ్యో పడిలో మరణం. రాయిని నిలిపినవారు అతని స్నేహితులు. అంతే. భార్య ప్రసక్తి లేదు. బిడ్డల ప్రసక్తి లేదు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తెచ్చుకున్న బంతిపూల దండను రెండుగా త్రుంచారు. ఒక సగం రాతి మీద ఉంచారు. రెండవ సగాన్ని ప్రక్కనున్న ఖాళీ నేల మీద, తడి గడ్డిలో పెట్టారు. కాపలాదారు అడగకుండానే ఆ కాస్త నేలను చీపురుతో ఊడ్చాడు.

ఆ రాత్రి హోటలు గదిలో మెకెంజీ మళ్ళీ గుర్తుకు వచ్చాడు. ఆయన కొరకు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించినవారిలో ముఖ్యులు ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మెకెంజీకి పార్క్ స్ట్రీట్‌లో సమాధి ఉన్నది. కావలివారి పేర్లు కాగితాలలో నిలిచాయి గనుక మనం నేడు తలుచుకోగలుగుతున్నాము. కాగితం లేనివారి మాటేమిటి?

ఒక తెల్లకాగితం తీసి మా వంశవృక్షం వ్రాయబూనాను. తండ్రి, తాత, ముత్తాత, వారి తండ్రి... కలం ఆగకుండా సాగింది. నాయనమ్మ వద్ద కొంత తడబడింది. నాయనమ్మ తల్లి వద్ద పూర్తిగా ఆగిపోయింది. మన తర్పణ విధిలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు కూడా చెప్పవలసి ఉన్నది. పురోహితుడు అడిగినప్పుడు పేరు గుర్తురాక తడుముకునే పెద్దలను ఎందరినో చూశాను. వారిలో నేనూ ఒకడినని ఆ రాత్రి తెలిసింది. మాకు ఓడ టిక్కెట్టు అక్కరలేదు. దాచవలసిన కారణమూ లేదు. ఊరికే మరచిపోయాము.

బాగా ప్రొద్దుపోయినా, ఊళ్ళో ఉన్న మా మేనత్తకు ఫోను చేశాను. ఎనభై ఆరేళ్ళ ఆవిడ మొదట కంగారుపడింది. “ఇంత రాత్రివేళ ఫోనేమిట్రా? అంతా క్షేమమేనా?” అని అడిగింది. విషయం చెప్పాక కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఒక పేరు చెప్పింది. ఆ వెనుకనే ఒక ఊరి పేరు, ఒక ఇంటిపేరు చెప్పింది.

“ఇన్నేళ్ళకు ఒక్కడివి అడిగావు,” అన్నది.

ఆ మూడు మాటలనూ ఖాళీగా ఉన్న గడిలో వ్రాసుకున్నాను.