నల్లరేగడిలో పాత బండి

2025 సంక్రాంతి. పర్చూరు దగ్గర మా బాబాయి వాళ్ల ఊరెళ్తే అరుగుమీద అరిసెల డబ్బా పక్కనే డీజిలు డబ్బా కనిపించింది. వాకిట్లో గోనెపట్టా పరిచి ఉంది. దాని నిండా నట్లు, బోల్టులు, చైన్ కవరు, సీటు... మధ్యలో చొక్కా విప్పేసి కూర్చున్న ముసలాయనలా స్ప్లెండర్ బండి.

‘‘పండగపూట ఇదేం పని బాబాయ్?’’ అన్నాను.

‘‘మార్చి వస్తే దీనికి పదిహేనేళ్లు నిండుతాయి అబ్బాయ్. ఈ పొగతో ఆఫీసుకు తీసుకెళితే ఆర్సీ ఇస్తారా?’’ అన్నాడు తల ఎత్తకుండానే.

విషయం అదీ. సొంత వాడకం బండికి మొదటిసారి ఇచ్చే రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత బండిని చూపించి, బాగుందనిపించుకుని, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2010లో మిరపకాయల డబ్బుతో కొన్న బండి. ఇప్పుడు కిక్ కొడితే చాలు, వెనక నీలంపొగ దోమల మందు కొట్టినట్టు లేస్తోంది. పట్నంలో ఒక సర్వీసు సెంటర్‌కు తీసుకెళితే 14 వేలు అవుతుందని కాగితం రాసిచ్చారు. పాతబండ్ల బేరగాడేమో బండి మొత్తానికీ 16 వేలకు మించి ఇవ్వనన్నాడు. కొత్తది కొనాలంటే కంతులు. బాబాయిది కౌలు సేద్యం. కాయ ఇంకా కోతకు రాలేదు, కౌలు డబ్బు మాత్రం గడువుకు కట్టాల్సిందే. కూలీలకు మంచినీళ్ల క్యాను మొదలు మందుల డబ్బాల దాకా అన్నీ ఆ బండిమీదే వెళ్లాలి. బండి ఆగితే ఎవరినో బతిమాలుకోవాలి.

గుంటూరు నుంచి ఈ వైపు వచ్చేవాళ్లకు ఈ నేల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు దాటేదాకా ఘాటుకు తుమ్ములు. చిలకలూరిపేట దాటి పర్చూరు రోడ్డెక్కితే రెండువైపులా పత్తి, మిరప, మధ్యమధ్యలో శనగ. 2022లో జిల్లాలు విడదీశారు కానీ, నల్లరేగడికి ఆ సంగతి తెలియదు. అటు పల్నాడు పొలమైనా ఇటు పర్చూరు పొలమైనా వాన పడితే కాలు పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది. మనుషుల కాళ్లకే కాదు, బండి చక్రాలకూ అదే మర్యాద. తడిరేగడి ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుని బండిని నిలబెట్టేస్తుంది. అందుకే ఇక్కడ చాలామంది ముందు మడ్‌గార్డును వాషర్లు పెట్టి పైకి లేపుకుంటారు. ఓపిక లేనివాళ్లు విప్పేసి అటకెక్కిస్తారు. చైన్ కవర్లో చేరిన మట్టి ఎండితే దాన్ని ఉలితో చెక్కాల్సిందే.

ఎండాకాలం బాధ వేరు. కల్లాల దారిలో లేచే దుమ్ము పిండిలా ఉంటుంది. బాబాయి బండి రోగానికి మూలం అక్కడే దొరికింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత పగిలితే ఇనుపతీగతో కట్టి ఊరుకున్నాడట. ఆ సందులోంచి దుమ్ము నేరుగా ఇంజిన్లోకి పోయి, బోరును ఆకురాయితో రుద్దినట్టు రుద్దేసింది. నలభై రూపాయల మూతకు బద్ధకిస్తే ఇంతకొచ్చిందని పిన్ని ఆ రెండు రోజుల్లో నాలుగుసార్లన్నా అనుంటుంది.

ఒకటే ఇంజిను, నాలుగు చొక్కాలు

ఈ ఊళ్లలో ఒకప్పుడు రాజ్‌దూత్ ఉన్నవాడు మోతుబరి. తర్వాత సుజుకీలు, యమహా ఆర్ఎక్స్ 100లు వచ్చాయి. పాలవాళ్లు, కూరగాయలవాళ్లు టీవీఎస్ 50ని, బజాజ్ ఎం80ని నమ్ముకున్నారు. 1985లో హీరోహోండా సీడీ 100 వచ్చింది. పెట్రోల్లో ఆయిలు కలిపే పని లేదు, మైలేజీ ఎక్కువ. పొలాల్లో తిరిగేవాళ్లకు ఇంకేం కావాలి? 1994లో స్ప్లెండర్, 2001లో ప్యాషన్, 2003లో సీడీ డాన్... ట్యాంకు, లైటు, స్టిక్కర్లు మారాయి కానీ లోపల అదే 97.2 సీసీ ఇంజిను కుటుంబం. రెండు కంపెనీలూ విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబరులో. బాబాయి బండి ట్యాంకు మీద ఆ జంటపేరు ఇంకా చెరగలేదు.

పేదవాడి మరమ్మతుకు ఆధారం ఈ చుట్టరికమే. డాన్ సైలెన్సర్ స్ప్లెండర్‌కు, దాని పిస్టన్ దీనికి సర్దుకుంటాయి. కోట్ల బండ్లు అమ్ముడయ్యాయి కాబట్టి పాత సామానుకు కరువు లేదు. విజయవాడ, గుంటూరు ఆటోనగర్లలో లారీల మధ్య తిరుగుతుంటే ఎక్కడోచోట విప్పేసిన బండ్ల గుట్ట కనిపిస్తుంది.

కొనడానికి వెళ్లేముందు రోగమేదో తేల్చుకోవాలి కదా. బాబాయి ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి కిక్ కొట్టాడు. అంతకుముందు ఖాళీగా పోతున్న కిక్కు ఈసారి గట్టిగా అడ్డుకుంది. అంటే గాలి పోతున్నది రింగుల దగ్గర. ఆయిలు పోసినా మార్పు లేకపోతే వాల్వుల మీద అనుమానపడాలి. మూడో తరగతితో చదువు మానేసిన మనిషి, డిప్లొమా చేసిన నాకు పాఠం చెబుతున్నాడు. నా డిప్లొమా జర్నలిజంలో లెండి!

బ్లాకు విప్పితే ఇంకో చిక్కు. ఈ ఇంజిన్‌కు కొత్తలో బోరు 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ ఒక మిల్లీమీటరు దాకా పోవచ్చు. ఎంత సైజో పిస్టన్ నెత్తినే రాసి ఉంటుంది. బాబాయి పిస్టన్ మీద మసి గీకితే ‘1.00’ బయటపడింది. ఇక పెంచడానికి చోటు లేదు. కాబట్టి అంతగా అరగని పాత బ్లాకు దొరకాలి.

కనుమ వెళ్లిన మర్నాడు గుంటూరు వచ్చాం. పాత సామాను కొట్లో బ్లాకును ఎంచడం దోసకాయను ఎంచడం లాంటిది కాదు. రెక్కలు విరిగాయా, అడుగున బీటలున్నాయా చూడాలి. లోపల గోరుతో నిలువునా గీకితే గోరు తట్టుకోకూడదు. అన్నిటికన్నా ముందు రసీదు అడగాలి. ఇవ్వనంటే అక్కడినుంచి లేచిపోవడమే మంచిది, దొంగబండి సామాను కూడా ఇలాగే చవగ్గా దొరుకుతుంది మరి. ఇంకో సంగతి. ఇంజిన్ నంబరు ఉండేది కింద క్రాంక్ కేసు మీద. పైన బ్లాకు మారిస్తే ఆర్సీకి ఇబ్బంది లేదు. క్రాంక్ కేసుతో సహా ఇంజిన్ మారిస్తే మాత్రం రవాణాశాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించుకోవాలి. తెలియక చవకని ఇంజిన్ మొత్తం మార్చేసుకుని తర్వాత ఇరుక్కునేవాళ్లున్నారు.

ఆరువందలకు బేరం తెగింది. చిలకలూరిపేటలో లేత్ మిషను మేస్త్రి బ్లాకును అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ముందు పిస్టన్ తెచ్చి చేతిలో పెట్టు. దాన్ని కొలిచాకే బోరు’’ అన్నాడు. పావు సైజు కొత్త పిస్టన్, రింగులు తెచ్చిచ్చాం. ఆయనే వెనక ఫోర్కుకు నైలాన్ బుష్షులు తిప్పి ఇచ్చాడు.

పిన్ని క్యాలెండరు అట్ట

బిగించడం మొదలయ్యాక ఇల్లంతా షెడ్డయింది. పిన్ని ఇచ్చిన స్టీలు పళ్లేల్లో ఏ నట్లు ఎక్కడివో విడివిడిగా పెట్టాం. క్లచ్ కవరు ప్యాకింగ్ చిరిగిందని బాబాయి గోడమీది పాత క్యాలెండరు అట్టను కవరుకు ఆనించి, చుట్టూ సుత్తితో మెల్లగా కొట్టి అచ్చు దింపాడు. హెడ్డు ప్యాకింగ్ దగ్గర మాత్రం ఈ వేషాలు కుదరవు. అక్కడి వేడికి, ఒత్తిడికి కొత్తదే వేయాలి. బ్రేకు షూలు, తీగలు, టైర్లు కూడా పాతవి వద్దంటాడు. ‘‘సైలెన్సర్ ఊడితే నవ్వుతారు. బ్రేకు ఊడితే ఏడుస్తారు’’ అన్నది ఆయన లెక్క. దీంతో నాకు పేచీ లేదు కానీ, ముందు స్ప్రాకెట్ పల్లు ఒకటి తగ్గించి లాగుడు పెంచుకున్నాడు చూడండి, అది నాకు నచ్చలేదు. గట్ల మీద బరువుతో బాగానే లాగుతుంది. హైవే ఎక్కితే పాపం అరుస్తుంది. టిక్కీని వెనక కట్టుకుని కల్లం నుంచి ఇంటికి తెచ్చేవాడికి హైవే వేగంతో పనేంటని ఆయన వాదన.

రింగుల అతుకులు ఒకే వరుసలో రాకుండా మూడువైపులకు తిప్పి పెట్టాలి. అది నేను సరిగ్గానే చేశాను. తప్పు చేసింది చైను దగ్గర. మాగ్నెట్ మీద ‘టీ’ గుర్తు కలిపాక పైన హెడ్డులోని పళ్లచక్రం గుర్తు కూడా సరిగ్గా కలవాలి. నేను ఒక పల్లు జరిపేశాను. ముప్పై కిక్కులకు ఒక్క దగ్గు తప్ప జవాబు లేదు. మళ్లీ విప్పాం. చీకటి పడ్డాక, సెల్‌ఫోన్ వెలుతురులో, మొత్తం బిగించి కొడితే రెండో కిక్కుకే అందుకుంది. తొలుత కాస్త పొగ, లోపల రాసిన ఆయిలుది. పావుగంటకు అదీ పోయింది. పిన్ని తెల్లగుడ్డ తెచ్చి సైలెన్సర్ వెనక పట్టుకుని చూసింది.

సామానుకూ లేతు పనికీ కలిపి 4,150 రూపాయలయ్యాయి. మా ఇద్దరి కూలీ, నా రెండు రోజుల సెలవు ఇందులో లేవు.

ఇలాంటి సర్దుబాటు మన ఒక్కరిదే కాదు. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాలో మన్‌సుఖ్‌భాయ్ జగానీ అనే ఆయన 1994లో బుల్లెట్ బండికి వెనక చక్రం తీసేసి సేద్యపు పనిముట్లు తగిలించాడు. పత్తి నేలలో ఎద్దులు మేపలేని రైతుకు అది ‘బుల్లెట్ సాంతీ’ అయింది.

మా తమ్ముడి బండి సంగతి చూస్తేనే దిగులు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. పల్లెల్లోనూ గాలి పీల్చేది మనుషులే. కానీ సెన్సర్ లైటు వెలిగితే ఏ లోపమో చెప్పేది పానా కాదు, స్కానరు. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు కోసం కేంద్రం 2022లో కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ పెట్టింది. బండ్లు, సేద్యపు యంత్రాలు కూడా అందులో ఉన్నాయి. మా తమ్ముడు మాత్రం లైటు వెలిగితే తిన్నగా షోరూం దారి పడతాడు.

మార్చి మూడోవారంలో బాబాయి ఫోన్ చేశాడు. పొగ సర్టిఫికెట్ వచ్చిందట, బండిని చూసి ఆర్సీ 2030 దాకా పొడిగించారట. ఫిల్టర్ డబ్బాకు కొత్త మూత వేశాడో లేదో అడిగాను. వేశానన్నాడు. పిన్నిని అడిగితే కానీ నమ్మనన్నాను. ఫోను పెట్టేయబోతుంటే గుర్తొచ్చినట్టు అన్నాడు... ‘‘ఒరే, హ్యాండిల్ దగ్గర కిర్రుమంటోంది. ఉగాదికి వస్తున్నావుగా. వచ్చేటప్పుడు గుంటూరులో ఆ బాల్‌రేసు సెట్టు చూడు. అది కొత్తదే తీసుకురా.’’