పసిడి దారిలో మంచు, వాకిట ఉప్పెన

ప్రకృతి ప్రకోపమునకు గురియైన మానవుల గాథలు చదువునపుడు ‘ధైర్యము’ అను మాటను మనము మిక్కిలి తొందరపడి వాడుచుందుము. మంచులో నిప్పు రాజేసికొనలేక ప్రాణము విడిచిన మనుష్యుని గూర్చి జాక్ లండన్ వ్రాసిన కథను మా తరగతిలో అనువాదాభ్యాసముగా చదివించితిమి. అప్పుడొక విద్యార్థిని లేచి, “అంత చలిలో అతను అసలెందుకు వెళ్ళాడు సార్?” అని అడిగినది. ఆ ప్రశ్న మమ్ము చాల దినములు వదలలేదు.

అతనివంటివారు వెళ్ళినది బంగారమునకు. 1896 ఆగస్టులో కెనడా వాయవ్యమున, క్లాండైక్ నదిలో కలియు ఒక వాగున పసిడి బయల్పడినది. మరుసటి జూలైలో ఆ వార్త ఓడలపై అమెరికా పడమటి తీరము చేరగానే సుమారు 1,00,000 మంది బయలుదేరిరి; గమ్యము చేరినవారు అందులో సగమైనను లేరు. చిల్కూట్ కనుమపై మంచులో మెట్లు తొలిచి, చీమలబారువలె ఎక్కిరి. కనుమ కొసన కెనడా పోలీసులు కాపుండి, ఒక సంవత్సరమునకు సరిపడు సామగ్రి చూపనివానిని ముందునకు పోనీయలేదు. అది ఇంచుమించు ఒక టన్ను. ఆ మెట్లపై గుఱ్ఱములు ఎక్కలేవు. కూలి ఇచ్చుకొనలేనివారు ఆ సామగ్రిని మూటలుగట్టి వీపున మోయుచు, 30, 40 మార్లు ఎక్కి దిగిరి. 1898 ఏప్రిల్ 3న మంచుచరియలు విరిగిపడి 60 మందికి పైగా మరణించిరి. లండన్ కూడ 1897లో వెళ్ళి, స్కర్వీ వ్యాధి పాలై, మరు సంవత్సరము తిరిగి వచ్చెను. అతనికి దక్కినవి కథలు.

మాకు ఆ చరిత్రలో బంగారముకంటె ఆ టన్ను సామగ్రియే ఎక్కువ విలువైనదిగా తోచినది. పిండి, చిక్కుడుగింజలు, పంచదార! పోలీసులు ఎవరి ఆశను మాన్పలేదు. ఆకలిచావును మాత్రము ఆపజూచిరి.

దివిసీమవారు ఎచటికిని వెళ్ళలేదు. సముద్రమే వారి వాకిటికి వచ్చినది. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన కృష్ణ ముఖద్వారమునందలి గ్రామములను ముంచి, 10,000 మందికి పైగా ప్రాణములను హరించినది. తుఫాను అను మాట ఉర్దూలోను తెలుగులోను ఒక్కటే. ఉప్పెన మాత్రము అచ్చముగా ఈ తీరపు మాట. పలికినంతనే నాలుకకు ఉప్పు తగులును.

మా నానీ ఆనాడు నాగాయలంక వైపున ఉండెడిది. తాటిమ్రానును కరచుకొని తెల్లవారువరకు నిలిచినది. చీరచెంగుతో నడుమునకు కట్టుకొన్న చెల్లెలు, ముడి వీడి, నీటిలో కలిసిపోయినది. ముందే ఊరు విడిచి పోరాదా యని మేము చిన్నతనమున అడిగినపుడు, “జాతే తో కహాఁ జాతే బేటా?” అనెడిది. పోయినచో ఎక్కడికి? కోతకు వచ్చిన వరి అచటనే, మేక అచటనే; ఎక్కి నిలుచుటకు మేడ లేదు. ఆమెను ధైర్యవంతురాలని ఎవరైన పొగడిన విసుగుకొనును. చెట్టు గట్టిది, అంతే, అనును.

ఆ తరువాత తీరము పొడవున తుఫాను షెల్టర్లు వెలసినవి. 1990 మేలో కృష్ణ ముఖద్వారము చెంతనే మరల పెనుతుఫాను తాకినది. ఈమారు 1,50,000 మందికి పైగా ముందే తరలింపబడిరి. మృతులు సుమారు వేయి. అదియు చిన్న సంఖ్య కాదు. కాని 1977తో పోల్చి చూడుడు. నానీని నాడు పోలీసులు బలవంతముగా లారీ ఎక్కించిరట. మేకను విడిపించినందుకు దారి పొడుగునా వారిని తిట్టినదట!

మొన్న సెలవులలో ఆమెకు చిల్కూట్ కనుమ సంగతి వినిపించితిమి. శ్రద్ధగా విని, “ఆ టన్ను సామాను ఎవరు కొనిచ్చార్రా?” అని అడిగినది. ఎవరిది వారే కొనుక్కొనిరని చెప్పితిమి.

“అయితే ఉన్నవాళ్ళేలే,” అని నానీ తస్బీహ్ చేతికి తీసికొన్నది.