ఏ పొరలో విడింది?

ఒంటి మీద పొక్కులు లేచాయంటే ఇంట్లోవాళ్లం ముందు ఏం తిన్నావు, ఏం పడలేదు అని అడుగుతాం. హైదరాబాదులోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి పాథాలజీ విభాగంలో నేను విన్న ప్రశ్న వేరు. ప్రొఫెసర్ మేడమ్ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, ఎదురుగా కూర్చున్న పీజీ అమ్మాయిని "ఏమ్మా, ఏ పొరలో విడింది?" అన్నారు. జబ్బు పేరు, మందు, ఎన్నాళ్లు వాడాలన్నది, అన్నీ ఆ జవాబు వెనకే వస్తాయి.

చర్మం ముక్క ఆ బల్ల దాకా రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వార్డులో మత్తు సూది వేసి 4 మిల్లీమీటర్ల పంచ్‌తో తీసిన ముక్క 10 శాతం ఫార్మలిన్ సీసాలో ఇక్కడికి చేరుతుంది. ఆల్కహాలు అందులోని నీటిని లాగేస్తుంది, జైలీన్ ఆ ఆల్కహాలును తీసేస్తుంది, కరిగిన మైనం ఆ చోట నిండుతుంది. మైనంలో ముక్కను నిలువుగా పెట్టాలి. పైపొర నుంచి కింది కొవ్వు దాకా ఒక్క కోతలో కనిపించకపోతే పొరల లెక్కే తప్పుతుంది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మైక్రోటోమ్ దగ్గర. టెక్నీషియన్ చక్రం తిప్పుతుంటే బ్లేడు అంచు మీంచి మైనం పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా జారుతున్నాయి. ఒక్కో పొర మందం 4 మైక్రాన్లు. ఆ రిబ్బన్‌ను కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ల మీద వేస్తే ముడతలు వాటంతటవే విచ్చుకుంటాయి, అప్పుడు కిందినుంచి గాజుపలక పెట్టి పైకి తీస్తాడు. ఆ కాసేపు ఆయన మాట్లాడలేదు. తీశాక అన్నాడు: "ఇక్కడ చిరిగితే మేడమ్‌కు లేని పొక్కు కనబడ్తది సార్."

పొక్కుల కంటే ముందు మేడమ్ నాకు సోరియాసిస్ చూపించారు. పైచర్మం కిందికి చాచిన వేళ్లన్నీ పొడుగ్గా, ఇంచుమించు ఒకే లోతున ఉన్నాయి. మామూలుగా నాలుగు వారాలు తీసుకుని పైకి రావాల్సిన కణాలు వారం లోపే వచ్చేస్తాయి. అందుకే పొలుసులో కూడా కణకేంద్రకాలు మిగిలిపోతాయి, తెల్ల రక్తకణాలు అక్కడ చిన్న గుంపులుగా చేరతాయి. ఆ వేళ్ల మధ్య చర్మం బాగా పలచబడి, దాని కిందే ఉబ్బిన రక్తనాళాలు ఉంటాయి. పొలుసు గీకితే సూదిమొన లాంటి రక్తపు చుక్కలు ఎందుకొస్తాయో ఆ ఒక్క దృశ్యంతో తెలిసిపోయింది.

ఎగ్జిమా స్లైడులో కణాల నడుమ నీరు చేరి వాటిని దూరం చేసింది. లైకెన్ ప్లానస్‌లో పైచర్మం అడుగునే లింఫోసైట్లు పట్టీ కట్టాయి. అవి అడుగు వరస కణాలను చంపుతుంటే లోపలి రంగు కిందికి రాలుతుంది. దురద తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోయేది అందుకే. మన చామనఛాయ ఒళ్ల మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మచ్చ పోలేదు కాబట్టి మందు పనిచేయలేదని డాక్టర్లను మార్చేవాళ్లకు ఈ స్లైడు చూపించాలనిపించింది.

పీజీ అమ్మాయి చూస్తున్న స్లైడు పెంఫిగస్ వల్గారిస్‌ది. "అడుగు వరసకు సరిగ్గా పైన విడింది మేడమ్" అంది. నేనూ చూశాను. అడుగు కణాలు పునాదిని వదలకుండా ఒంటరి వరసలో నిలబడి ఉన్నాయి. పుస్తకాలు దీన్ని సమాధిరాళ్ల వరస అంటాయి. వాటి పైన ఖాళీలో పట్టుతప్పిన కణాలు గుండ్రంగా తేలుతున్నాయి. కణాన్ని కణంతో కలిపి ఉంచే డెస్మోగ్లీన్ 3 అనే ప్రోటీన్ మీదకు ఒంట్లోని యాంటీబాడీలే దాడి చేయడం వల్ల జరిగింది ఇది. పైకప్పు పలచన కాబట్టి పొక్కు నిలవదు, చిట్లి పుండవుతుంది. నోట్లో మరీ త్వరగా. ఫారం మీద "ఆరు నెలలుగా నోటిపూత" అని రాసి ఉంది. ఆ ఆరు నెలలూ ఆ రోగి అన్నం ఎలా మింగిందో అన్న ఆలోచన నన్ను వదల్లేదు. చాలామందికి ఈ జబ్బు మొదలయ్యేది నోట్లోనే. మానని నోటిపూతకు నెలల తరబడి బీ కాంప్లెక్స్ మాత్రలతోనే సరిపెట్టడం తప్పని గట్టిగా చెప్పాలి.

పక్క స్లైడు బుల్లస్ పెంఫిగాయిడ్‌ది. ఇందులో పైచర్మం మొత్తానికి మొత్తం లేచిపోయింది, పొక్కు లోపల ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు నిండి ఉన్నాయి. కప్పు మందం కాబట్టి బొబ్బ బిగువుగా రోజుల తరబడి నిలుస్తుంది. ఎక్కువగా వచ్చేది పెద్ద వయసువాళ్లకు. ఈ రెండూ వేర్వేరు జబ్బులని వాల్టర్ లీవర్ అనే చర్మవైద్యుడు 1953లో తేల్చేదాకా ఒకే గాటన కట్టేవారు. పెంఫిగస్ రోగుల రక్తంలో యాంటీబాడీలున్నాయని బ్యూట్నర్, జోర్డన్ అనే పరిశోధకులు 1964లో చూపించారు.

ఆ యాంటీబాడీలను మేడమ్ నాకు చీకటి గదిలో చూపించారు. గడ్డకట్టించి కోసిన చర్మానికి వెలుగునిచ్చే రంగు కలిపిన ద్రవం పూసి, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో పెడితే, పెంఫిగస్‌లో ప్రతి కణం చుట్టూ పచ్చటి గీత వెలిగి వల పరిచినట్టుంది. పెంఫిగాయిడ్‌లో అయితే అడుగున ఒకటే గీత.

స్టెరాయిడ్లు రాకముందు పెంఫిగస్ వస్తే చాలామంది బతికేవారు కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రీచా, రామ్‌జీ గుప్తా 1984లో ప్రచురించిన, స్టెరాయిడ్లను పెద్ద మోతాదులో విడతలుగా ఇచ్చే పల్స్ వైద్యం మన దేశంలో ఎందరినో నిలబెట్టింది. ఇప్పుడు రిటుక్సిమాబ్ ఉంది. ఏది ఇవ్వాలన్నా ముందు పేరు తేలాలి.

మధ్యాహ్నం ఒక సీసా వచ్చింది. ఫారం మీద ఇమ్యునోఫ్లోరెసెన్స్, అంటే ఆ చీకటి గది పరీక్ష, కావాలని ఉంది, లోపల చూస్తే ముక్క ఫార్మలిన్‌లో ఉంది. ఫార్మలిన్‌లో పడిన ముక్కతో ఆ పరీక్ష కుదరదు. పీజీ అమ్మాయి వెంటనే వార్డుకు ఫోన్ చేసింది. "సిస్టర్, ఇంకో ముక్క కావాలి. పొక్కు మీద కాదు, దాని పక్కన బాగున్న చర్మం నుంచి తియ్యమనండి. మైకెల్స్ మీడియం సీసా నేనే పంపిస్తున్నా. ఫార్మలిన్‌లో మాత్రం వెయ్యనివ్వద్దు."