ఎక్కడికి అని అడగని వీధి

అమ్మానాన్నలకి గుంటూరులో ఇల్లు వెతకాల్సి వచ్చినప్పుడు నేను మొదట చేసిన పని ఒక ఎక్సెల్ షీటు తెరవడం. ఒక్కో వరసకి ఒక్కో పేట: బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, విద్యానగర్, పట్టాభిపురం, బృందావన్ గార్డెన్స్, గోరంట్ల. ఒక్కో గడికి ఒక్కో ప్రశ్న. ఆస్పత్రి ఎంత దూరం, లిఫ్టు ఉందా, కరెంటు పోతే లిఫ్టుకి జనరేటరు ఉందా, కూరగాయలు నడిచి తెచ్చుకోవచ్చా, బస్టాండుకి ఆటో ఎంత తీసుకుంటాడు, అద్దె ఎంత. మంచినీళ్ళకి అన్నిటికంటే ఎక్కువ మార్కులు పెట్టాను. 2018 మార్చిలో ఆనందపేట చుట్టుపక్కల కుళాయి నీళ్ళు కలుషితమై, అతిసారంతో మనుషులు చనిపోయారు. ఆ వార్తలు నాకింకా గుర్తున్నాయి. చివరి గడిలో అన్నీ కూడితే ఒక అంకె వస్తుంది. ఎక్కువ అంకె వచ్చిన పేటకి మారిపోవడమే అనుకున్నాను.

ఇదంతా 2023 ఎండాకాలం సంగతి. ఒక రాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. నేను హైదరాబాదులో, అక్క డాలస్‌లో. ఎదురింటి బాబాయి కారు తీసి చిలకలూరిపేట దాకా తీసుకుపోయి, అక్కడ చూపించి, మళ్ళీ అక్కణ్ణించి గుంటూరు చేర్చాడు. స్టెంటు వేశారు. డిశ్చార్జి రోజున డాక్టరు ఒక్కటే చెప్పాడు, ఇంకోసారి ఇంత దూరం నించి రావాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దని. హైదరాబాదు వచ్చి నా దగ్గర ఉండమంటే ఇద్దరూ వద్దన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. మిరప, పత్తి, శనగ, అంతకుముందు పొగాకు. నాన్న పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అయింది. ఇల్లు మారకుండానే నాన్న మూడు జిల్లాల్లో కాపరం చేశాడు. ఎక్కడ ఉండాలి అనే ప్రశ్న అరవై ఆరేళ్ళలో ఆయనకి ఒక్కసారి కూడా రాలేదు.

పిల్లలు వెళ్ళిపోయాక మిగిలిన ఇద్దరి ఇంటిని ఇంగ్లీషులో ఎంప్టీ నెస్ట్ అంటారు. డాలస్‌లో అక్క పక్కింటివాళ్ళు అట్లా మిగిలాక పెద్ద ఇల్లు అమ్మేసి, గోల్ఫ్ కోర్సు ఉన్న చోటికి మారారట. మా ఊళ్ళో అట్లా మిగిలింది ఒక్క ఇల్లు కాదు. మా వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే తొమ్మిదింట్లో అరవై దాటినవాళ్ళే ఉన్నారు. నాలుగింటికి తాళాలు.

నాన్నకి గుంటూరు కొత్తేం కాదు. కాకపోతే ఆయన గుంటూరు వేరు. కల్లంలో కాయ ఎండి, తాలు ఏరడం అయ్యాక, టిక్కీలు లారీకెక్కించుకుని రాత్రికి మిర్చి యార్డుకి చేరేవాడు. కమీషన్ కొట్టు ముందు ఆ టిక్కీల పక్కనే పడుకునేవాడు. తెల్లారాక ధర తెలిసేది. మంచి ధర పలికితే మాకు స్వీటు ప్యాకెట్టు వచ్చేది, లేకపోతే కోల్డ్ స్టోరేజీ రసీదు వచ్చేది. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో అదొకటని ఆఫీసులో నేను గొప్పగా చెప్పుకుంటాను. ఆయనకి మాత్రం గుంటూరంటే దోమలు, ఘాటు, ఎదురుచూపు. "గుంటూరులో ఉండటమేందిరా, అది సరుకు అమ్ముకునే ఊరు" అన్నాడు. చివరికి రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. పొద్దున్నే బస్సెక్కి చేలోకి పోయొచ్చేట్టు ఉండాలి. చుట్టూ మనవాళ్ళుండాలి.

ఆ రెండోదానికి నా షీటులో గడి లేదు. కావాలనే పెట్టలేదు. కులం పట్టించుకోని మనిషినని నా గురించి నాకో నమ్మకం.

ఇళ్ళు చూడ్డం గోరంట్లతో మొదలుపెట్టాం. 2014లో రాజధాని మాట వచ్చాక ఆ వైపు అపార్ట్‌మెంట్లు బాగా లేచాయి. ఫ్లాటు చూపించిన కుర్రాడు అద్దెకెందుకు, కొనెయ్యండి అన్నాడు. "రాజధాని మళ్ళీ కదిలిందంటే డబలవుద్ది అంకుల్." "అది డబలయ్యేదాకా నేనుండాలిగా" అన్నాడు నాన్న. అమ్మ అయిదో అంతస్తు బాల్కనీలోంచి కిందకి చూసి, "ఇక్కడ మనుషులు నడవరా?" అంది. నేను షీటులో జనరేటరు గడి నింపుతున్నాను. ఆ మాట పట్టించుకోలేదు.

మర్నాడు ఇంకో పేటలో ఒక మేడ మీద పోర్షను చూశాం. ఓనరు నా ఉద్యోగం అడగలేదు, నాన్న ఆరోగ్యం అడగలేదు. "ఏ ఊరండీ మనది?" అన్నాడు. చెప్పాం. "ఇంటిపేరు?" అన్నాడు. నాన్న చెప్పాడు. ఆయన మొహం విచ్చుకుంది. మా ఊళ్ళో ఆయన వియ్యపువారి తరఫు చుట్టాలు తేలారు. కాఫీలొచ్చాయి. నాలుగు నెలల అడ్వాన్సు రెండు నెలలైంది. మేం మెట్లు దిగుతుంటే ఇంకో కుటుంబం పైకి వస్తోంది, భార్యాభర్తలు, చిన్నపిల్ల. మాకంటే ముందే ఫోన్ చేసి మాట్లాడుకున్నారని బ్రోకరు చెప్పాడు. మేం కింద నిలబడి ఆ బ్రోకరుతో మాట్లాడుతుండగానే వాళ్ళు దిగొచ్చారు. ఇల్లు ఖాళీ లేదన్నారట. వాళ్ళని కూడా ముందు ఊరే అడిగి ఉంటాడు, తర్వాత ఇంటిపేరు.

ఆ గడి నేను పెట్టలేదని గొప్పగా అనుకున్నాను గదా. నాకు పెట్టాల్సిన అవసరం రాలేదు, అంతే. మా ఇంటిపేరుతో అది ఎప్పుడూ నిండే ఉంది. ఆ ఇల్లు వద్దని నాన్నతో అన్నాను. లిఫ్టు లేదని చెప్పాను. అసలు కారణం చెప్పే ధైర్యం ఆ రోజు రాలేదు.

ఆ రాత్రి అక్కకి షీటు పంపించి, ఫోన్లో మార్కులు వివరించాను. మొత్తం విని "అమ్మనడిగావా?" అంది.

"అమ్మదేముంది, నాన్నకి నచ్చితే..." అని ఆగిపోయాను.

అమ్మ పదిహేడేళ్ళకి ఇంకొల్లు వైపు నించి మా ఊరొచ్చింది. వచ్చేసరికి ఇల్లుంది, అత్తగారుంది, పశువులున్నాయి. నువ్వెక్కడ ఉంటావమ్మా అని ఆమెని అడగాలని అరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఎవరికీ తోచలేదు. అప్పుడు కూడా తోచింది నాకు కాదు. మర్నాడు ఆమె గోంగూర బాగుచేస్తుంటే పక్కన కూచుని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "నేను గడప దాటితే ఎక్కడికి అని అడగని వీధి ఏదన్నా ఉంటే చూడు నాన్నా."

నవ్వుతూ అందేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు.

మా ఊళ్ళో 'ఎక్కడికి' అన్నది పలకరింపు. నాన్నని అడిగితే "పర్చూరు దాకా" అని చెయ్యూపి పోతాడు. అమ్మని అడిగితే అది పలకరింపు కాదు. సందు చివరికి చేరేలోగా ముగ్గురికి జవాబు చెప్పాలి. ఆ మూడు జవాబులూ ఒకటేనా కాదా అని సాయంత్రానికి ఎవరో పోల్చి చూస్తారు. ఎనభైల్లో పత్తికి తెల్లదోమ పట్టి అప్పులపాలైనప్పుడు, పుట్టింటివాళ్ళని నాలుగు డబ్బులడుగుదామని ఒకరోజు బయల్దేరిందట. బస్సు రాకముందే ఊరంతా పాకింది, ఫలానావాళ్ళ కోడలు అలిగి పోతోందని. తాతయ్య మనిషిని పంపి వెనక్కి పిలిపించాడు. ఆ సంగతి నాకు చెప్పడం అదే మొదటిసారి.

"మరి నాన్నకి నొప్పొచ్చిన రాత్రి ఆ వీధే గదమ్మా లేచొచ్చింది" అన్నాను.

"వచ్చింది, కాదన్నానా? దానికి నలభై నాలుగేళ్ళుగా రోజూ కిరాయి కడుతూనే ఉన్నా గదా."

నేను అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను. పిల్లల కోసం ఊరొదిలి పట్నమొచ్చిన పెద్దవాళ్ళ కథలు తెలుగులో చాలా చదివాను. అపార్ట్‌మెంటు బాల్కనీ, కుండీలో తులసి, ఊరి నించి ఫోను, చివర్లో అమ్ముడుపోయిన పొలం. వాటిని మెచ్చుకుంటూ 'వేళ్ళు తెగిన వేదన' లాంటి మాటలు నేనూ రాశాను. ఇప్పుడు తిరగేస్తే, నేను మెచ్చుకున్న కథల్లో ఆ వేదన తండ్రిదో కొడుకుదో. తల్లి పక్కన కూచుని కళ్ళు తుడుచుకుంటుంది. ఆమె పోగొట్టుకున్నదీ అదే ఊరేనా అని కథ అడగలేదు, నేనూ అడగలేదు. ఊళ్ళో అందరూ ఆమెకి తెలుసు అని రాసుకుంటాం. అందరికీ ఆమె తెలియడం ఎట్లా ఉంటుందో రాసుకోం.

నా షీటులో ఎక్కువ మార్కులు లక్ష్మీపురానికి వచ్చాయి. మేం చేరింది బ్రాడీపేటలో. ఆ పేటని ఎవరో గ్రాఫు కాగితం మీద గీసినట్టుంటుంది, లైన్లు, వాటిని కోసుకుంటూ అడ్డరోడ్లు. నాలుగు బై పద్నాలుగు అంటే ఆటోవాడికి చాలు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టల్ పిల్లలు, డాక్టర్లు, టిఫిన్ బళ్ళు. మనుషులు వస్తుంటారు, పోతుంటారు. ఎవరు ఎటు పోయారో గుర్తుపెట్టుకునే తీరిక ఎవరికీ లేదు. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది. ఓనరు ఆధార్ కార్డు జిరాక్సు అడిగాడు, అంతే. నాన్న చూపించుకునే ఆస్పత్రి కొత్తపేటలో, అంటే రైలు పట్టాలకి అవతల. శంకర్ విలాస్ బ్రిడ్జి దాటడానికి సాయంత్రం పూట ఎంతసేపు పడుతుందో చూడ్డానికి మూడు రోజులు వరసగా ఆటో ఎక్కాను. ఆ అంకె ఇప్పుడు పనికిరాదు. పాత బ్రిడ్జి తీసేసి కొత్తది కడుతున్నారు.

మనవాళ్ళ మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. అమ్మ నోరు తెరిచి ఇది కావాలని అడగడం ఆయనకీ కొత్తే అనుకుంటాను.

రెండేళ్ళు దాటింది. అమ్మ సాయంత్రాలు బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడికి పోతుంది. గుడికని పోయి ఆ ఆవరణలోనే ఉన్న అన్నమయ్య గ్రంథాలయంలో కూచుంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది. లంకా సూర్యనారాయణగారు ఏళ్ళ తరబడి పోగేసిన పుస్తకాలు, పాత పత్రికలు అక్కడున్నాయి. పెళ్ళయిన ఏడాది ఒక వారపత్రికలో సీరియల్ సగంలో ఉండగా అత్తగారింటికి వచ్చేసిందట. ఆ మిగతా సగం ఉంటుందేమోనని అడిగిందట. దొరికిందా అని అడిగితే "ఇంకా వెతుకుతున్నా" అంది. వెతకడమే బాగున్నట్టుంది ఆమెకి.

నాన్న సంగతి అంత బాగాలేదు. ఊళ్ళో ఆయనకొక పేరుంది, తగువులొస్తే పిలిచేవాళ్ళు. ఇక్కడ లిఫ్టులో ఆయన టూ నాట్ త్రీ అంకుల్. వారానికి మూడు రోజులు బస్సెక్కి ఊరు పోతాడు. పొలం కౌలుకిచ్చాడు కాబట్టి చెయ్యడానికి పనేం లేదు. రావిచెట్టు కింద కూచుని, నాలుగు మాటలు చెప్పి, నాలుగు విని, చీకటి పడ్డాక వస్తాడు. ఏ దూరం తగ్గించడానికి ఇదంతా చేశామో, ఆ మూడు రోజులూ ఆ దూరం మళ్ళీ అంతే ఉంటుంది. వద్దని ఒకటి రెండుసార్లు గొడవపడ్డాను. తర్వాత మానేశాను. ఆమెకి ఇక్కడ దొరికిందీ, ఆయనకి ఇక్కడ లేకుండా పోయిందీ ఒకటే. దాన్ని చెరిసగం పంచే పేట ఏ ఊళ్ళోనూ ఉండదు.

మొన్న సాయంత్రం ఫోన్ చేస్తే నాన్న ఎత్తాడు. "మీ అమ్మ లేదురా, బయటికి పోయింది" అన్నాడు. ఎక్కడికి అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"నేనూ అడగలా" అన్నాడు ఆయనే.

తర్వాత కాసేపు ఊళ్ళో శనగ ఎట్లా ఉందో చెప్పాడు. తెల్లారి మళ్ళీ పోతాడట. మాత్రలు జేబులో పెట్టుకోమని చెప్పాను.