కాణిపాకం ఒట్టు, అమెరికా సీసా

పోయిన జూన్‌లో మావాడు పెళ్ళాం పిల్లలతో అమెరికా నుంచి వచ్చాడు. పెట్టెలు విప్పుతుంటే మనవడి స్వెట్టర్‌లో చుట్టిన ఒక సీసా బయటపడింది. పచ్చ గాజు, పొడుగు మెడ, మూతికి బంగారు రంగు కాగితం. కోడలు దాన్ని తీసి భోజనాల బల్ల మీద నిలబెట్టింది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మావాణ్ణి చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"ఏందిరా అది? మీ నాయన సంగతి తెలిసే తెచ్చినావా?"

వాడు నవ్వాడు. "అమ్మా, అది యాపిల్ రసం. గ్యాస్ కలిపింటారు, అంతే. ఆడ పండగలకి పిలకాయలకి పోసేది ఇదే."

ఎప్పుడూ చదివేవాళ్ళకి తెలుసు, మా ఇంటాయన తాగుడు మాని పదకొండేళ్ళయింది. కాణిపాకంలో కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేశాడు. మా జిల్లాలో ఆ ఒట్టుకున్న విలువ కోర్టులో సంతకానికి కూడా లేదు. ఆ పదకొండేళ్ళలో ఆయన ఒక్కసారీ తప్పలేదు. నేను మాత్రం ఆయన బజారు నుంచి వచ్చిన ప్రతిసారీ దగ్గరికి పోయి సంచీ అందుకుంటాను. సంచీ బరువని కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏమీ అనడు.

సీసా మీద 'సైడర్' అని ఉంది. ఆ సాయంత్రం లెస్టర్ నుంచి మా మరిది కూతురు వీడియో కాల్ చేసింది. మాటల్లో చెప్పానో లేదో, "సైడరా పెద్దమ్మా? ఇక్కడ పబ్బుల్లో అమ్ముతారు కదా, బీరు లాగా!" అనేసింది. మావాడేమో కాదంటాడు. రాత్రంతా నిద్ర లేదు నాకు.

మర్నాడు కూర్చుని విచారిస్తే తేలిందేమంటే, ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంగ్లండులో సైడర్ అంటే పులిసిన యాపిల్ రసం. మామూలుగా నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది. అమెరికాలో అదే మాటకి అర్థం వేరు. పండ్లు పిండిన, పులవని రసాన్నే సైడర్ అంటారు. పులిసినదాన్ని హార్డ్ సైడర్ అని విడిగా చెప్తారు. వాళ్ళకీ 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. మనకి 1995లో ఎన్టీఆర్ పెట్టిన నిషేధం రెండేళ్ళకే సడలింది. ఆ రెండేళ్ళూ మా పాకాల జంక్షన్లో రైలెక్కి, కాట్పాడిలో దిగి తాగొచ్చిన మగవాళ్ళని నేనెరుగుదును. అందులో ఒకాయన పేరు చెప్పను.

కోడలు విజయవాడ పిల్ల, ఓపికగలది. సీసా మీది సన్న అక్షరాలు నాకు చదివి వినిపించింది. మార్టినెల్లీ అనే కంపెనీ, కాలిఫోర్నియాలో వాట్సన్‌విల్ అనే ఊరు, 1868 నుంచి ఉందట. లోపల ఉన్నది యాపిల్ రసం, గ్యాసు, విటమిన్ సి. పులియబెట్టలేదు. ఇది తెలుసుకోవడం నాకు ముఖ్యం, ఎందుకంటే 'ఆల్కహాల్ లేనిది' అని అమ్మేవి రెండు రకాలు. ఒకటి అసలు పులవనిది. ఇంకొకటి పులియబెట్టి, తర్వాత అందులోంచి ఆల్కహాల్ తీసేసింది. రెండో రకంలో కాసింత మిగలొచ్చు, వాసన కూడా అసలుదాని లాగే ఉంటుంది. నా మాట వినండి, మా లాంటి ఇళ్ళలో ఆ రెండో రకం గడప దాటనివ్వకండి.

ఆదివారం నాటుకోడి పులుసు, అలసంద వడలు చేశాను. కోడలు సీసాని పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టింది. మూత తీస్తే చిన్నగా 'టప్'మంది. మా ఇంటాయన పీట మీద కూర్చుని వేరుసెనక్కాయలు వొలుస్తున్నాడు, తలెత్తలేదు.

ముందు నేనే రుచి చూశాను. రంగు పల్చటి తేనె లాగా ఉంది. వాసన మాత్రం నిజంగా బాగుంది. యాపిల్ కోసి పళ్ళెంలో పెట్టి పని మీద పోయి వస్తే గది నిండా ఒక వాసన ఉంటుంది చూడండి, అదే. గుక్క వేస్తే బుడగలు ముక్కులోకి ఎక్కి కళ్ళలో నీళ్ళొచ్చాయి, మనవడు పకపకా నవ్వాడు. మొదట తీపి, ఆ వెనకాల తీపి, బాగా వెదికితే చివర్న రవ్వంత పులుపు. నాకు ఆ పులుపు ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది. మన దగ్గర 2005 నుంచి దొరుకుతున్న యాపీ ఫిజ్‌తో పోల్చకుండా ఉండలేను కదా! అందులో నీళ్ళు, చక్కెర, కొంత యాపిల్ రసం. దాన్ని తాగితే పిప్పరమెంటు చప్పరించినట్టుంటుంది. ఇది తాగితే పండు తెలుస్తుంది. అట్లని ఆరోగ్యమనుకోకండి. యాపిల్ రసంలో 100 మిల్లీలీటర్లకి సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో ఎంతవుతుందో లెక్కేసుకోండి. షుగర్ మాత్రలు మింగే నాలాంటిది అరగ్లాసుతో ఆపాలి.

వట్టిగా తాగితే మొహం మొత్తింది గానీ, నాటుకోడి కారానికి నోరు మండుతున్నప్పుడు చల్లగా ఒక గుక్క పడితే ప్రాణం లేచొచ్చింది. వడలతో అంత నప్పలేదు. వడకి మజ్జిగే.

మావాడు గాజు గ్లాసులో పోసి వాళ్ళ నాయన ముందు పెట్టాడు. నేను వడలు కాలుస్తున్నదాన్ని, జల్లిగరిటె అట్లే పట్టుకొని నిలబడిపోయాను. ఆయన గ్లాసు వైపు చూశాడు. బుడగలు పైకి లేస్తున్నాయి. చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"మే, గాజు గ్లాసొద్దు. లోటా ఇయ్యి."

స్టీలు లోటా ఇచ్చాను. ఆయనే అందులోకి వంపుకున్నాడు. మజ్జిగ తాగినట్టు పైనుంచి పోసుకొని రెండు గుక్కలు మింగాడు. "తియ్యగుండాది. దీనికి ఎంత పెట్టినావురా?" అన్నాడు. మావాడు రేటు చెప్పాడు. "ఆ డబ్బుకి దామలచెరువు మండీలో ఒక గంప బేనీషాలు వస్తాయి గదరా" అని లోటా పక్కన పెట్టి కోడి ముక్క అందుకున్నాడు. కోడలు మొహం చిన్నబుచ్చుకుంది. నేను మాత్రం నూనెలో మాడిపోయిన రెండు వడలు తీసి అవతల పడేశాను.

తెల్లారి అందరం తిరుమలకి పోయాం. దర్శనం, గదులు, పిల్లల గుండ్లు, అన్నీ అయ్యి ఇల్లు చేరేసరికి నాలుగో రోజు. వంటింటి తలుపు తీయగానే వాసన. కుళ్ళిన మామిడి అనుకున్నాను. కాదు. కిటికీ దగ్గర, మసిగుడ్డ పక్కన ఆ లోటా. ఆయన తాగి వదిలేసిన అడుగు రసం. పైన తెల్లటి నురగ, చిన్న చిన్న బుడగలు. ఆ ఎండల్లో మూత లేకుండా ఉంటే గాలిలోని ఈస్ట్ ఊరుకుంటుందా? అందులో ఉన్న చక్కెరని తినేసి ఆల్కహాల్ చేసి పెట్టింది. ఈతచెట్టు నీరా కూడా అంతే కదా, పొద్దున తీపి, మధ్యాహ్నానికి కల్లు. కంపెనీ వాళ్ళని అనడానికేం లేదు, తెరిచింది ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా ముగించాలన్నది మనకి తెలియాలి.

పదకొండేళ్ళ కిందట రాత్రిపూట తలుపు తీస్తే తగిలిన వాసనే అది. లోటా తీసుకుపోయి పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పారబోశాను. బూడిదేసి తోమాను. చింతపండు వేసి మళ్ళీ తోమాను. వెనక్కి తిరిగితే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు.

"కడిగినావా?"

"కడిగినా."

ఆయన వచ్చి లోటా నా చేతిలోంచి తీసుకున్నాడు. తొట్టి దగ్గరికి పోయి తనే ఇంకోసారి తొలిపాడు. తర్వాత కుండలో నీళ్ళు ముంచుకొని, అక్కడే నిలబడి తాగాడు.