సంవిత్తుతో ఇచ్చిన కానుక

దానానికి దేశం, కాలం, పాత్రం అనే మూడింటిని విచారించాలని గీతాచార్యుడు 17వ అధ్యాయంలో ఉపదేశించాడు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి మరింత సూక్ష్మంగా వెళ్ళి, ఇచ్చేటప్పుడు శ్రద్ధ, వినయం, భయం ఉండాలని చెప్పి, చివరకు సంవిత్తును కూడా పేర్కొంటుంది. సంవిత్తు అనగా ఎరుక. శంకరభగవత్పాదులు ఆ పదానికి మైత్రీపరంగా అర్థం చెప్పారు. ఎదుటివారిని ఎరిగి ఇవ్వడమే మైత్రి అని దీని భావంగా గ్రహించవచ్చు. శ్రద్ధ పుష్కలంగా ఉండి సంవిత్తు కొరవడినప్పుడు ఏమి జరుగుతుందో కోనసీమకు చెందిన ఒక విద్యార్థి అనుభవం తెలియజేస్తుంది.

ఆ యువకుడు వైద్యవిద్య కోసం చీనాదేశం వెళ్ళాడు. శ్రోత్రియ కుటుంబంలో పుట్టినవాడు, శాకాహారి. మొదటి సంవత్సరం చీనా నూతన సంవత్సర దినాలలో వసతిగృహంలో భోజనశాల మూతపడింది. సహాధ్యాయి ఒకడు అతణ్ణి సముద్రతీర నగరమైన చ్యువాన్‌ఝౌలోని తన ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆ నగరానికి భారతదేశంతో ప్రాచీనమైన బంధం ఉంది. అక్కడ శివాలయం వెలసిందని తెలిపే 1281 నాటి తమిళ శాసనం లభించింది. కైయువాన్ బౌద్ధాలయంలోని రెండు స్తంభాల మీద శ్రీకృష్ణ, నరసింహమూర్తుల శిల్పాలు నేటికీ దర్శనమిస్తాయి. ఆ మిత్రుని నాయనమ్మ చాంద్రమాసంలో మొదటి తిథినాడు, పదిహేనవ తిథినాడు మాంసం, ఉల్లి, వెల్లుల్లి ముట్టని బౌద్ధ భక్తురాలు. ఈ పరదేశి బాలుని కోసం ఆమె ఒక బాణలిని తోమించి వేరుగా ఉంచి, తొమ్మిది రోజుల పాటు అన్నం, కూరలు స్వయంగా వండి పెట్టింది.

ఈ ఋణం తీర్చుకోవాలని అతనికి గాఢమైన కోరిక కలిగింది. మరుసటి వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, శ్రీవేంకటేశ్వరుని చిత్రం ఉన్న గోడగడియారం కొన్నాడు. మన గృహప్రవేశాలలో, వివాహాలలో ఇటువంటి కానుక అందరికీ పరిచితమే. స్వామి ఆ ఇంట నిత్యం కొలువై ఉంటాడన్న శ్రద్ధతోనే దానిని ఎంచుకున్నాడు. ఆ వృద్ధురాలి చేతికి ఇవ్వగానే ఇల్లంతా క్షణకాలం నిశ్శబ్దమైంది. ఆమె దానిని మెల్లగా బల్ల మీద బోర్లా పెట్టింది. మిత్రుని తండ్రి నవ్వుతూ లేచి, ఒక యువాన్ నాణెం తెచ్చి యువకుని చేతిలో పెట్టాడు. తన కానుకకు వెల కట్టారని ఆ యువకుడు లోలోపల కుమిలిపోయాడు.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు సంకోచిస్తూనే విషయం వివరించాడు. చీనా భాషలో గడియారం ఇవ్వడాన్ని 'సోంగ్ ఝోంగ్' అంటారు. మరణశయ్య మీద ఉన్న పెద్దల చెంత ఉండి అంతిమ సేవ చేయడాన్ని తెలిపే మాట కూడా సరిగ్గా ఇలాగే ధ్వనిస్తుంది. ఎనభై ఏళ్ళ వృద్ధురాలికి అది ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. నాణెం ఇస్తే ఆ వస్తువు కానుక కాక కొనుగోలు అవుతుంది, దోషం తొలగుతుంది. ఆ తండ్రి అవమానించలేదు. తన తల్లి మనస్సును, అతిథి గౌరవాన్ని ఒక్క నాణెంతో రక్షించాడు.

ఇది కేవలం మూఢవిశ్వాసమని తోసివేయడం మనకు తగదు. మన ఇళ్ళలో ఉప్పును చేతికి చేయి అందిస్తామా? నల్లనువ్వులను ఎవరైనా చేతిలో పెడితే స్వీకరించడానికి జంకమా? ప్రతి దేశం తన భయాలను, ప్రేమలను కొన్ని వస్తువులలో నిక్షేపించుకుంటుంది. దేశం మారితే వస్తువు అర్థమూ మారుతుంది. ఏడవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన హ్యూయెన్ త్సాంగ్, ఇక్కడివారు బేరిపండును 'చీనరాజపుత్ర' అని పిలుస్తున్నారని తన యాత్రాగ్రంథంలో వ్రాశాడు. ఇక్కడ అంతటి గౌరవం పొందిన ఆ ఫలాన్ని చీనాలో ఆప్తులు కోసి పంచుకోరు. బేరిపండును పంచుకోవడం అనే మాట అక్కడ వియోగం అనే మాటలా ధ్వనిస్తుంది.

మరుసటి వేసవిలో అతడు అమ్మమ్మ ముందు కూర్చుని జరిగినదంతా చెప్పాడు. ఈసారి ఏమి తీసుకువెళ్ళాలో తేల్చుకోలేకపోయాడు. మామిడిపండ్లు, పాలకోవ మొదటే తొలగిపోయాయి. తాజా ఫలాలను, పాలపదార్థాలను ప్రయాణికులు వెంట తేకూడదని ఆ దేశపు నియమం. పల్లీపట్టీ తీసుకువెళ్దామంటే వేరుసెనగ మిఠాయి ఆ ప్రాంతంలోనే ప్రసిద్ధం. జంతికలు, చేగోడీలు చేసి ఇస్తానని పిన్ని అన్నది. అప్పుడు అమ్మమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఆ పెద్దావిడకి పళ్ళున్నాయట్రా నాయనా?"

అతడు నిరుత్తరుడయ్యాడు. తొమ్మిది రోజులు ఆమె చేతి అన్నం తిన్నాడు కాని, ఆమె ఎలా తింటుందో చూడలేదు. మిత్రునికి సందేశం పంపగా, ఉన్నవి నాలుగైదేనని, గట్టివి తినలేదని, తీపి మితంగా ఉంటే ఇష్టపడుతుందని సమాధానం వచ్చింది.

"అయితే చిమ్మిలి చేస్తాను. నోట్లో వేసుకుంటే చాలు. బెల్లం కాస్త తగ్గిస్తాను," అన్నది ఆమె.

"నువ్వులు ఇవ్వచ్చా అమ్మమ్మా?"

"నల్లనువ్వులు పితృకార్యానికిరా. తెల్లనువ్వులు దంచి, బెల్లం కలిపి, స్వామికి చూపిస్తే ప్రసాదం. నాగులచవితికి ఊరంతా పంచమూ?"

నువ్వులు ఆ వృద్ధురాలికీ కొత్తవి కావు. సంవత్సరపు మొదటి పౌర్ణమినాడు వారు తినే బియ్యప్పిండి ఉండలలో నల్లనువ్వుల పూర్ణమే ఉంటుంది. మనం పితృదేవతలకు ప్రత్యేకించిన ధాన్యం అక్కడ ఉత్సవభక్ష్యం.

అమ్మమ్మ పదకొండు ఉండలు కట్టింది. మన సంప్రదాయంలో పెరిగినవారికి శుభమంటే ఒకటి మిగలాలి. అక్కడ సరిసంఖ్య మంగళకరం, అందులోనూ 8 శ్రేష్ఠం, మృత్యుశబ్దాన్ని పోలిన 4 వర్జ్యం అని మనుమడు చెప్పాడు. ఆమె కొంతసేపు ఆలోచించి, "అష్టలక్ష్ములు," అని మూడు ఉండలు తీసి అతని చేతిలోనే పెట్టింది. తెల్లని గుడ్డ అక్కడ కూడా అశుభసూచకమని తెలిసి, డబ్బాను ఎర్రని కాగితంలో చుట్టింది. మిత్రుని కోసం అతడు ఏటికొప్పాక లక్కబొమ్మల జంట ఒకటి ఎంచుకున్నాడు.

కళాశాల తెరవడానికి ముందే అతడు చ్యువాన్‌ఝౌ చేరి, రెండు చేతులతో డబ్బాను అందించాడు. వృద్ధురాలు వద్దన్నది. మళ్ళీ వద్దన్నది. వెంటనే స్వీకరించడం అక్కడ మర్యాద కాదని ఈసారి అతనికి తెలుసు గనుక నొచ్చుకోక నిలబడ్డాడు. మూడవసారి తీసుకున్నది. అతని ఎదుట విప్పలేదు. అదీ మర్యాదే. ఏమనుకున్నదో తెలియకుండానే అతడు ఆ రాత్రి నిద్రించాడు.

మర్నాడు వారి చాంద్రమాసపు తొలి తిథి. వేకువనే లేచి చూసేసరికి, ఆ ఇంటి పూజాపీఠం మీద అవలోకితేశ్వరుని స్త్రీరూపమైన గ్వాన్‌యిన్ ముందు ధూపం వెలుగుతోంది. చిన్న పింగాణీ పళ్ళెంలో రెండు చిమ్మిలి ఉండలు ఉన్నాయి. పక్కనే పీట మీద కూర్చుని ఆమె మూడవదానిని మెల్లగా చప్పరిస్తోంది. అతణ్ణి చూసి, దీని పేరేమిటని సైగతో అడిగింది.

"చిమ్మిలి," అన్నాడు అతడు.

ఆమె రెండుసార్లు పలికి చూసుకుని, ఇంకొక ఉండ తీసి అతని నోటికి అందించింది.

స్వస్తి.